జన్యువులకు లెక్క కట్టిన తెలుగువాడు

తాత ముక్కు మనుమనికి వచ్చినదనియు, మేనత్త చాయ మేనకోడలికి వచ్చినదనియు ఇంటింట పెద్దలు చెప్పుకొనుచుందురు. విత్తనమును బట్టి పంట యని రైతు తరతరములనుండి ఎరుగును. కాని ఏ పోలిక ఎందరు సంతానములో ఎందరికి వచ్చును, రెండు పోలికలు జంటగా ఏల వచ్చును అని అడిగినచో అనుభవము మాత్రము చాలదు, లెక్క కావలెను. ఆ లెక్కను మొట్టమొదట శ్రద్ధతో చేసినవాడు గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవ సన్న్యాసి. ఆయన బఠాణి మొక్కలను పెంచి, రెండవ తరమున 5,474 గింజలు గుండ్రముగను, 1,850 గింజలు ముడుతలు పడియు ఉన్నట్లు లెక్కించి, 1866లో ప్రకటించెను. మూడింటికి ఒకటి చొప్పున వచ్చిన ఆ నిష్పత్తియే నేటి జన్యుశాస్త్రమునకు పునాది.

మానవ శరీరములోని దాదాపు ప్రతి జీవకణమందును డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. అది నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథము వంటిది. ఆ గ్రంథమున సుమారు 300 కోట్ల అక్షరములున్నవి. వానిని చదువు యంత్రములు నేడు గలవు. అయితే చదువుట వేరు, అర్థము చేసికొనుట వేరు. ఏ అక్షరము మారినచో ఏ వ్యాధి కలుగునో, ఏ రెండు జన్యువులు ఇరుగుపొరుగున నున్నవో తెలియుటకు గణితమును, కంప్యూటరును తోడు కావలెను. ఈ శాస్త్రశాఖకు గణన జన్యుశాస్త్రమని పేరు. దానికి ఆధారమైన గణితసూత్రములలో కొన్నింటిని కంప్యూటరు ఇంకను వాడుకలోనికి రాని దినములలోనే కనుగొన్నవాడు ఒక తెలుగువాడు. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచమున సి. ఆర్. రావు అను పేరుతో ప్రసిద్ధుడయ్యెను.

రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన హూవిన హడగలి అను ఊర జన్మించిరి. ఆ యూరు నాడు మద్రాసు రాజధానిలో నుండెను. నేడు కర్ణాటక రాష్ట్రమున నున్నది. తండ్రి దొరస్వామి నాయుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. పదిమంది సంతానములో ఎనిమిదవవాడగుటచే, దేవకీదేవి అష్టమగర్భమున పుట్టిన కృష్ణుని పేరు ఈ బాలునకు పెట్టిరి. తండ్రి ఉద్యోగము బదిలీలతో కూడినది. అందుచే బాలుని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో సాగెను. తల్లి లక్ష్మీకాంతమ్మ ప్రతి దినమును తెల్లవారుజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి, చదువునకు కూర్చుండబెట్టుచుండెడిది. లోకప్రఖ్యాతి పొందిన తరువాత కూడ రావుగారు ఆ దీపమును మరువలేదు. తమ గ్రంథము నొకదానిని ఆ తల్లికే అంకితము చేసిరి.

ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితశాస్త్రములో ఎం.ఏ. ప్రథమశ్రేణిలో ముగించునప్పటికి రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండెను. ఉద్యోగములు దుర్లభములు. సైన్యమునకు సంబంధించిన సర్వే శాఖలో గణితజ్ఞులు కావలెనని తెలిసి, రావుగారు కలకత్తాకు ప్రయాణమై పోయిరి. వయస్సు చాలదని వారు త్రిప్పి పంపిరి. ఆ తిరస్కారము దేశమునకు మేలే చేసినది. ఏలయన, అక్కడ బసలో పరిచయమైన యొకని వెంట ఆయన భారత సాంఖ్యక సంస్థను చూడబోయిరి. ఆచార్య ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలో 1941 జనవరి 1వ తేదీన శిక్షణకై చేరిరి. కలకత్తా విశ్వవిద్యాలయము సాంఖ్యకశాస్త్రమున క్రొత్తగా ప్రారంభించిన ఎం.ఏ. తరగతిలో మొదటి జట్టు విద్యార్థులలో ఒకరై 1943లో ఉత్తీర్ణులైరి.

సాంఖ్యకశాస్త్రమనగా కొలతలు, లెక్కలు ప్రోగుచేసి, వానినుండి నిజమును రాబట్టు విద్య. కొన్నింటిని చూచి అన్నింటిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు పొరపాటు తప్పదు. ఆ పొరపాటు ఎంతకు తగ్గింపవచ్చును? ఈ విషయమును రావుగారు తరగతిలో బోధించుచుండగా దండేకర్ అను విద్యార్థి లేచి, లెక్కించినవి కొన్నియే యైనచో ఆ సూత్రము వర్తించునా అని ప్రశ్నించెను. సమాధానము అప్పటికి గ్రంథములలో లేదు. రావుగారు ఆ రాత్రి కూర్చుండి దానిని సాధించి, మరునాడు తరగతిలో చెప్పిరి. 1945లో అచ్చయిన ఆ ఫలితము క్రామర్–రావు అవధి అను పేర నేడు ప్రపంచమంతట పాఠ్యాంశమైనది. గురువు విద్యార్థి ప్రశ్నను కసరివేయక ఇంటికి మోసికొనిపోవుట పరీక్షలో వచ్చిన మార్కులకంటె గొప్ప సంగతి.

జన్యువుల కథకు రావుగారు వచ్చినది ఎముకల దారిని. సూడాను దేశములో జెబెల్ మోయ అనుచోట ప్రాచీన మానవుల సమాధులు బయల్పడినవి. అక్కడి కపాలములను, ఎముకలను కొలిచి, ఆ జనులు ఏ యే జాతులకు దగ్గరివారో తేల్చుటకై కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు మ్యూజియమువారు మహలనోబిస్ సహాయమును కోరిరి. రెండు జనసమూహముల మధ్య దూరమును అనేక కొలతలనుండి ఒకే సంఖ్యగా లెక్కించు పద్ధతిని మహలనోబిస్ కనిపెట్టియుండుటయే అందులకు కారణము. ఆ పనిమీద రావుగారు 1946లో ఓడనెక్కి ఇంగ్లండు చేరిరి. అక్కడ సర్ రోనాల్డ్ ఫిషర్ జన్యుశాస్త్రాచార్యుడుగా నుండెను. సాంఖ్యకశాస్త్రమునకు ఆయన భీష్మాచార్యుని వంటివాడు. తనవద్ద పరిశోధన చేయగోరిన రావుగారిని ఫిషర్ తన జన్యుప్రయోగశాలలో పని చేయుమనెను. పరిశోధనాంశమును మాత్రము స్వయముగా వెదకికొమ్మనెను. ఆ విధముగా ఒకవంక వేల యేండ్లనాటి ఎముకలును, మరొకవంక ప్రాణముతో పరుగులిడు చుంచెలుకలును ఆ తెలుగు యువకుని చేతిపని యైనవి.

చుంచెలుకలతో పని యేమి? జన్యువులు క్రోమోసోములను సన్నని దారములమీద పూసలవలె వరుసగా నుండును. బిడ్డకు తల్లినుండి ఒక దారము, తండ్రినుండి ఒక దారము సంక్రమించును. అయితే సంతానబీజములు తయారగునపుడు ఈ జంట దారములు అక్కడక్కడ తెగి, ఒకదాని ముక్క మరొకదానితో అతుకుకొనును. తిరునాళ్ళ గుంపులో వరుసగా నడచు జనమును తలచుకొన్నచో ఇది తెలియును. గుంపు నడుమ ఎక్కడనో తెగినప్పుడు చేయి చేయి పట్టుకొని నడచువారు ఒకేవైపున ఉందురు. దూరముగా నడచువారు విడిపోవుదురు. జన్యువులును అంతే. దగ్గరగా నున్నవి అరుదుగా విడిపోవును, దూరముగా నున్నవి తరచుగా విడిపోవును. కనుక ఎన్నిసార్లు విడిపోయినవో లెక్కించినచో వాని నడుమ దూరము తెలియును. కంటికి కనబడని దారముమీద కంటికి కనబడని పూసల స్థానమును పిల్లల సంఖ్యను బట్టి గుర్తించుట ఇది! 1913లో స్టర్టెవంట్ అను అమెరికా విద్యార్థి ఈ విధముగనే ఈగలలో మొదటి జన్యుపటమును గీసెను. ఫిషర్ శాలలో చుంచెలుకలకు అట్టి పటమును తయారుచేయు పని జరుగుచుండెను.

ఆ లెక్క ఎట్లుండునో చూచుటకు రావుగారి 1965 నాటి గ్రంథములో నొక చక్కని ఉదాహరణము కలదు. రెండు లక్షణములను గమనించుచు జంతువులను జతపరుపగా రెండవ తరమున 197 పిల్లలు కలిగినవి. అవి నాలుగు విధములు: రెండు ప్రబల లక్షణములు గలవి 125, ఏదో ఒకటి మాత్రమే గలవి 18, 20, రెండును లేనివి 34. ఆ రెండు జన్యువులకు ఏ సంబంధమును లేనిచో మెండెల్ సూత్రము ననుసరించి 9:3:3:1 నిష్పత్తిలో, అనగా సుమారు 111, 37, 37, 12 చొప్పున రావలెను. కాని 12 రావలసిన చోట 34 వచ్చినవి. 37 రావలసిన చోట్ల 18, 20 మాత్రమే వచ్చినవి. అనగా తాతలనాటి జంటలు చెదరక నిలిచినవి. జన్యువులు రెండును ఒకే దారముమీద నున్నవని స్పష్టము.

ఎంత దగ్గరగా నున్నవి అనునది తరువాతి ప్రశ్న. తల్లినుండి వచ్చిన దారమును, తండ్రినుండి వచ్చిన దారమును రెండును తెగనివే యగుటకు గల అవకాశమును ‘అ’ అందము. 34 గల గుంపు మొత్తములో అ/4 వంతు. 18, 20 గల గుంపులు కలిసి (1−అ)/2 వంతు. చిక్కంతయు 125తోనే వచ్చినది. అందులో రెండు తెగలు కలిసియున్నవి: ఒక తెగ ఎల్లప్పుడును మొత్తములో సగము, రెండవ తెగ అ/4 వంతు. కందులు, పెసలు కలిసినచో చేటతో వేరుచేయవచ్చును; ఇవి చూపునకు ఒకే రూపమున నుండును.

ఉపాయమేమనగా, ముందు ఒక ఊహ చేయవలెను. ‘అ’ విలువ 0.5 అనుకొందము. అప్పుడు తెగలు 0.5, 0.125 పాళ్ళు. 125ను ఆ పాళ్ళలో పంచినచో రెండవ తెగకు 25 వచ్చును. మొదటి తెగను ప్రక్కన పెట్టినచో మిగిలినవి 25, 18, 20, 34, మొత్తము 97. అందులో తెగని జంటలు 25, 34 కలిసి 59. కనుక ‘అ’ విలువ 59/97, అనగా 0.608. ఊహ 0.5 కదా, ఫలితము 0.608 వచ్చెను. ఇప్పుడు 0.608నే ఊహగా గ్రహించి మరల పంచినచో 0.624 వచ్చును. ఇంకొకసారి చేసినచో 0.626. కొలది పర్యాయములలో 0.627 వద్ద అది కదలక నిలుచును. దీనినిబట్టి ఆ రెండు జన్యువులు నూటికి సుమారు 21 పర్యాయములు మాత్రమే విడిపోవుచున్నవని తేలును. ఈ లెక్కను పలకమీద ఎవరైనను చేసి చూడవచ్చును.

ఊహించి, పంచి, సరిదిద్ది, మరల ఊహించు ఈ పద్ధతిని 1977లో డెంప్‌స్టర్, లెయర్డ్, రూబిన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక సాధారణ సూత్రముగా నిరూపించి ప్రసిద్ధికి తెచ్చిరి. తమ ప్రసిద్ధ వ్యాసమున మొదటి ఉదాహరణముగా వారు తీసికొన్నది రావుగారి గ్రంథములోని ఈ నాలుగు సంఖ్యలనే. నేడు గణన జన్యుశాస్త్రమున ఈ పద్ధతి లేనిదే పొద్దు గడువదు. ఒక మనిషి డి.ఎన్.ఏ.ను యంత్రము చదివినపుడు తల్లినుండి వచ్చిన అక్షరములును, తండ్రినుండి వచ్చినవియు కలగలిసి వచ్చును. ఏవి ఏ దారమువో వేరుచేయుటకు శాస్త్రజ్ఞులు 1995 నాటినుండి ఇదే ఉపాయమును ప్రయోగించిరి. 125ను రెండు తెగలుగా పంచిన లెక్కయే అక్కడ లక్షలమారులు జరుగును. పలకకు బదులు కంప్యూటరు, అంతియే భేదము.

కేంబ్రిడ్జిలో జన్యువుల లెక్కలు చేయుచున్న ఆ కాలముననే, 1948లో, రావుగారు మరియొక పరీక్షాపద్ధతిని ప్రకటించిరి. దానిని రావు స్కోరు పరీక్ష యందురు. దాని మర్మమును ఒక దృష్టాంతముతో గ్రహింపవచ్చును. ఉదయగిరి దుర్గము గల కొండమీద చీకటిలో ఒకడు నిలుచున్నాడు. తాను నిలిచిన చోటు శిఖరమగునా కాదా యని తెలిసికొనుటకు వాడు కొండయంతయు తిరుగనక్కరలేదు. పాదముల క్రింద నేల చదునుగా నున్నచో శిఖరము అదియే కావచ్చును. నేల నిటారుగా వాలియున్నచో శిఖరము మరియొక చోట నున్నది. అట్లే, ‘ఈ జన్యువునకు ఈ వ్యాధితో సంబంధము లేదు’ అను చోట నిలిచి, అక్కడి వాలును మాత్రము కొలిచినచో చాలును. వాలు ఎక్కువైనచో సంబంధము లేదనుట తప్పు.

1948లో ఇది శ్రమ తగ్గించు చిన్న ఉపాయముగా తోచియుండును. చేతితో త్రిప్పు లెక్కల యంత్రములే అప్పటికి గతి. దాని పూర్తి విలువ అరువది యేండ్ల తరువాత తెలిసినది. నేడు ఒక వ్యాధికి కారణమును వెదకునపుడు లక్షలమంది మనుష్యుల డి.ఎన్.ఏ.లో కోట్ల స్థానములను ఒక్కొక్కటిగా పరీక్షింతురు. ప్రతి స్థానమునకు కొండనంత ఎక్కవలసివచ్చినచో కంప్యూటరులకైనను ఏండ్లు పట్టును. ‘సంబంధము లేదు’ అను లెక్కను ఒక్కసారి చేసి, అన్ని స్థానములయందును వాలును మాత్రము కొలుచుటచే ఆ పని సాధ్యమగుచున్నది.

ఇక్కడ ఒక ప్రమాదము పొంచియుండును. నూరు పరీక్షలలో ఐదు పొరపాటైనను ఫరవాలేదని శాస్త్రజ్ఞులు సాధారణముగ సరిపెట్టుకొందురు. పది లక్షల స్థానములను ఆ కొలతతో చూచినచో కేవలము కాకతాళీయముగా 50,000 స్థానములు దోషులుగా తేలును! నిరపరాధులను పట్టి యిచ్చిన తలారివలె లెక్కయే తప్పుదారి పట్టించును. అందుచే జన్యుపరిశోధకులు రెండు కోట్ల పరీక్షలలో ఒక్క పొరపాటును మాత్రమే సహించునంత కఠినమైన నియమమును పెట్టుకొనిరి. లెక్క వచ్చినంత మాత్రమున చాలదు, లెక్కను ఎంత నమ్మవలెనో తెలిసియుండవలెను. సాంఖ్యకశాస్త్రము నేర్పు ముఖ్యమైన విద్య యిదియే.

రావుగారు 1948లో స్వదేశమునకు మరలివచ్చి కలకత్తా సంస్థలో ఆచార్యులైరి. 1952లో జీవశాస్త్రమునకు ఉపయోగించు సాంఖ్యకపద్ధతులపై ఒక ఉద్గ్రంథమును ప్రకటించిరి. అది కాలేజీ గోడలు దాటి పొలములకు పోయినది. పంటలలో క్రొత్త వంగడములను పుట్టింపవలెనన్నచో తగినంత భిన్నములైన రెండు రకములను ఎన్నుకొని సంకరము చేయవలెను. అతి దగ్గరివైనచో లాభము లేదు. ఎత్తు, కాయల సంఖ్య, గింజ బరువు, పూతకు పట్టు దినములు మొదలగు కొలతలన్నిటిని కలిపి మహలనోబిస్ దూరమును లెక్కించి, రకములను గుంపులుగా విభజించు విధానము ఆ గ్రంథమున నున్నది. భారతదేశపు వ్యవసాయ విద్యార్థులు ఈనాటికిని తమ పరిశోధనలలో ఆ 1952 గ్రంథమును పేర్కొనుచునే యున్నారు. నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతములు మెట్టభూములు. వాన మొగము చూచి విత్తు రైతునకు వర్షము ముందుగానే వెనుదీసినను కాపు నిలుచు కంది రకము దొరకుట జీవన్మరణ సమస్య. అట్టి రకమును వెదకు పనిలో, ఏ రకమును ఏ రకముతో కలుపవలెనను మొదటి అడుగు ఈ లెక్కలతోనే పడును.

బిరుదులను గూర్చి విస్తరించి చెప్ప పనిలేదు. 1967లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము, 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా అధ్యక్షుని చేతిమీదుగా ఆ దేశపు జాతీయ విజ్ఞానపతకము ఆయనకు లభించినవి. 1979 నుండి ఆయన అమెరికాలో పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయములలో బోధించిరి. విశ్రాంతి తీసికొను వయస్సున పరిశోధనలో క్రొత్త అధ్యాయములను ప్రారంభించుట ఆయనకే చెల్లినది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమానము వచ్చునాటికి ఆయన వయస్సు 102. ఆ సంవత్సరమే ఆగస్టు 22వ తేదీన బఫెలో నగరమున పరమపదించిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణములో ఆయన పేర ఒక గణితసంస్థ వెలసియున్నది.

ఆ నగరముననే కణ, అణు జీవశాస్త్ర కేంద్రమను మరియొక సంస్థ కలదు. అక్కడివారును, విదేశ శాస్త్రజ్ఞులును కలిసి దక్షిణాసియాలోని 260కి పైబడిన జనసమూహములకు చెందిన 2,800 మందికి మించిన వారి డి.ఎన్.ఏ.ను పరిశీలించి 2017లో ఫలితములను ప్రకటించిరి. తరతరములుగా తమలో తామే వివాహములు చేసికొను సమాజములలో, బంధుత్వము లేదనుకొన్నవారికి కూడ డి.ఎన్.ఏ.లో పొడవైన భాగములు ఒకే రీతిగా నుండుట వారు గమనించిరి. దాని ఫలితము వారి ఆరోగ్యము. పూర్వము ఏ ఒక్కనియందో పుట్టిన జన్యుదోషము అట్టి సమాజమున మరల మరల పైకి వచ్చును. ఇది ఏ కులపు హెచ్చుతగ్గులకును గుర్తు కాదు. కొద్దిమంది పూర్వులనుండి వంశము విస్తరించుటయే కారణము.

ఆంధ్రదేశమున నట్టి సమాజమొకటి కలదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు వైద్యులు సక్సినైల్ కోలిన్ అను మందు నిచ్చుట వాడుక. సాధారణముగ కొన్ని నిమిషములలో దాని ప్రభావము తీరును. రక్తములోని ఒక ఎంజైము దానిని విరిచివేయును. ఆ సమాజములో కొందరికి జన్యువులోని ఒక్క అక్షరపు మార్పుచే ఆ ఎంజైము లోపించియుండును. వారికి ఆ మందు నిచ్చినచో గంటలకొలది కండరములు కదలవు. ఊపిరి సయితము స్వయముగా పీల్చుకొనలేరు. యంత్రముతో శ్వాస నందించుచు కాపాడవలసినదే. ఈ సంగతి ముందుగా తెలిసిన వైద్యుడు రోగిని బల్లమీదికి ఎక్కింపకమునుపే వంశవృత్తాంతమును అడిగి, రక్తపరీక్ష చేయించి, వేరొక మందును ఎన్నుకొనును. భారతదేశపు వివిధ సమూహములకు చెందిన పదివేలమంది సంపూర్ణ డి.ఎన్.ఏ. వివరములు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి. ఇట్టి అక్షరములు ఇంకను ఎన్ని కలవో, ఎవరిలో కలవో వెదకు పని వానియందు జరుగుచున్నది.